వాకీటాకీ పలకట్లేదా? సెట్ విప్పకముందే ఇవి చూడండి: చార్జర్ నుంచి మాట దాకా

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూల మధ్యలో ఈ వాకీటాకీ ఏంటని మీకు అనిపించొచ్చు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల పల్లెల్లో ఓసారి తిరిగితే జవాబు మీకే దొరుకుతుంది. బోరు స్టార్టర్ దగ్గర ఒకరు, పైపు చివర శెనక్కాయ చేలో ఇంకొకరు. గుట్ట మీద జివాలతో ఒకరు, కింద వంక దగ్గర ఇంకొకరు. రామగిరి వైపు గాలిమర పైకెక్కిన టెక్నీషియన్, కింద నిలబడి సామాను అందించే మనిషి. కదిరి లక్ష్మీనరసింహస్వామి రథోత్సవంలో తేరుకు ముందొక వాలంటీరు, వెనకొక వాలంటీరు. గుట్ట చాటుకి పోతే ఫోన్ సిగ్నల్ ఉండదు. తేరు రోజున సిగ్నల్ నిండా ఉన్నా కాల్ కలవదు. ఇలాంటి చోట్ల టవర్‌తో పనిలేకుండా, బటన్ నొక్కగానే అవతలి మనిషికి చేరే మాట కావాలి. వాకీటాకీ చేసే పని అదొక్కటే.

సెట్ పట్టుకుని సలహా కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు చెప్పేవి రెండే మాటలు. ఒకటి, "చార్జ్ ఎక్కట్లేదు". రెండోది, "దూరం పోవట్లేదు". విప్పి చూస్తే చాలాసార్లు సెట్‌లో ఏ లోపమూ ఉండదు. లోపం చార్జర్ పిన్నులోనో, బ్యాటరీలోనో, చానల్ సెట్టింగ్‌లోనో, నిలబడ్డ చోటులోనో ఉంటుంది. అందుకే ఈ పాఠాన్ని ఆ వరుసలోనే రాస్తున్నాను. చివర్లో మాట్లాడే పద్ధతి గురించి ఒక భాగం ఉంది. బోరు మోటారు కోసం సెట్ వాడేవాళ్లు మిగతాదంతా వదిలేసినా అదొక్కటి మాత్రం చదవండి.

మీ చేతిలో ఉన్నది ఏ రకం సెట్?

ముందు బ్యాటరీ తీసి లోపలి స్టిక్కర్ చదవండి. మోడల్ పేరు, ఫ్రీక్వెన్సీ, బ్యాటరీ వోల్టేజి సాధారణంగా అక్కడే ఉంటాయి. ఈ మూడూ తెలియకుండా చార్జర్ మార్చడం, చానల్ మార్చడం రెండూ గుడ్డిపనే.

మన దేశంలో లైసెన్స్ లేకుండా మామూలు మనుషులు వాడుకోగలిగిన చేతి సెట్లు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసేవి. 2018 నాటి కేంద్ర నిబంధనలు ఈ చిన్న పట్టీకి లైసెన్స్ మినహాయింపు ఇచ్చాయి. ఈ రకం సెట్లను పీఎంఆర్ 446 అంటారు. పవర్ అర వాటు, యాంటెన్నా సెట్‌కే అతికి ఉంటుంది, చానళ్లు ఎనిమిదో పదహారో ఉంటాయి. 27 మెగాహెర్ట్జ్ దగ్గర సిటిజన్ బ్యాండ్‌కి కూడా 5 వాట్ల దాకా మినహాయింపు ఉంది కానీ దానికి పొడవాటి యాంటెన్నా కావాలి కనుక జేబులో పట్టదు.

మార్కెట్‌లో ఎక్కువగా కనిపించే బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటి సెట్ల సంగతి వేరు. అవి 136 నుంచి 174, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ లాంటి వెడల్పాటి పట్టీల్లో ఎక్కడైనా ప్రసారం చేయగలవు. ఇలాంటివి వాడాలంటే టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి లైసెన్స్ ఉండాలి. ఇది ఉత్తి కాగితం గొడవ కాదు. గుంతకల్లు పెద్ద రైల్వే జంక్షన్, 1956 నుంచి డివిజన్ కేంద్రం. రైలు నడిపే లోకో పైలట్, వెనక ఉండే ట్రైన్ మేనేజర్, స్టేషన్ మాస్టర్ ఒకరితో ఒకరు మాట్లాడుకునేది ఇలాంటి చేతి సెట్లతోనే. పోలీసులకూ సొంత ఫ్రీక్వెన్సీలు ఉన్నాయి. మీ చేలో నొక్కిన బటన్ వాళ్ల మాటకు అడ్డం పడితే ఏమవుతుందో ఆలోచించండి. 2025 మే నెలలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఇలాంటి సెట్లను వివరాలు చెప్పకుండా అమ్ముతున్న 13 ఆన్‌లైన్ వేదికలకు నోటీసులు ఇచ్చి, అమ్మకాలపై మార్గదర్శకాలు కూడా తెచ్చింది. కాబట్టి కొనేటప్పుడు రెండే చూడండి. ఫ్రీక్వెన్సీ 446.0-446.2 అని స్పష్టంగా రాసుందా? ఈటీఏ అనే పరికర ఆమోద ధ్రువపత్రం ఉందా? ఈ రెండూ చెప్పని అమ్మకందారు దగ్గర కొనకండి.

రేడియో మీదే ఆసక్తి ఉంటే హామ్ లైసెన్స్ దారి ఉంది. పరీక్ష రాసి పాసైతే 144-146 మెగాహెర్ట్జ్ లాంటి పట్టీల్లో చట్టబద్ధంగా మాట్లాడొచ్చు. 1983లో హైదరాబాద్‌లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ విషయంలో మనకు దగ్గర్లో ఉన్న పెద్ద సంస్థ. అయితే హామ్ లైసెన్స్ వ్యాపార పనులకు కాదు. అది గుర్తుంచుకోండి.

బ్యాటరీ లెక్క రెండు నిమిషాల్లో

ఇప్పటి సెట్లలో ఉండేది లిథియం అయాన్ బ్యాటరీ. స్టిక్కర్ మీద 3.7 వోల్టులు అని ఉంటే లోపల ఒక సెల్, 7.4 అని ఉంటే వరుసగా రెండు సెల్స్. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు, ఖాళీ అయ్యేసరికి 3 వోల్టుల దగ్గరికి వస్తుంది. అంటే ఒక సెల్ ప్యాక్ నిండా 4.2, రెండు సెల్స్ ప్యాక్ నిండా 8.4. ఈ రెండు అంకెలు గుర్తుంటే సగం రిపేరు నేర్చుకున్నట్టే.

పాత సెట్లలో నికెల్ బ్యాటరీలు ఉంటాయి. వాటి చార్జర్ పద్ధతే వేరు. నికెల్ చార్జర్‌లో లిథియం ప్యాక్ పట్టింది కదా అని పెట్టేయకండి. నిండాక ఎక్కడ ఆగాలో ఆ చార్జర్‌కి తెలియదు, ప్యాక్ ఉబ్బి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

డబ్బా మీద "12 గంటల బ్యాకప్" అని చూసి, నాలుగు గంటలకే అయిపోతే సెట్ పాడైందనుకుంటారు. ఆ 12 గంటలు ఎలా లెక్కేస్తారో తెలుసా? నూటికి 5 వంతులు మాట్లాడటం, 5 వంతులు వినడం, 90 వంతులు ఊరకే ఉండటం. అంటే గంటలో 3 నిమిషాలు మాట, 3 నిమిషాలు వినికిడి, మిగతా 54 నిమిషాలు నిశ్శబ్దం. మాట్లాడేటప్పుడు సెట్ లాగే కరెంటు, ఊరకే ఉన్నప్పటి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తేరు రోజున వాలంటీర్లు గంటకు పావుగంట మాట్లాడితే డబ్బా మీద అంకె ఎలా నిజమవుతుంది? అది బ్యాటరీ లోపం కాదు, వాడకం లెక్క.

చార్జ్ ఎక్కట్లేదు: ఆరు మెట్లు

మెట్టు దాటకుండా, ఇదే వరుసలో వెళ్లండి.

ఒకటి: ఖాళీ క్రేడిల్‌ని చూడండి. సెట్‌ని నిలబెట్టే చార్జర్ గూడునే క్రేడిల్ అంటాం. సెట్ పెట్టకుండా ప్లగ్ పెట్టి ఏ లైటు వెలుగుతుందో చూడండి. కొన్ని చవక క్రేడిల్స్‌లో ఖాళీగా ఉన్నా పచ్చలైటే, బ్యాటరీ నిండినా పచ్చలైటే. అలాంటి క్రేడిల్‌లో పిన్ను బ్యాటరీకి తగలకపోయినా పచ్చలైటు వెలుగుతూనే ఉంటుంది. రాత్రంతా పెట్టి, పొద్దున "ఫుల్ చార్జ్" అనుకుని తీసుకెళ్తే పది గంటలకే సెట్ మూగబోతుంది. కాబట్టి పెట్టగానే ఎర్రలైటు రావాలి, కొన్ని గంటల తర్వాత అది పచ్చగా మారాలి. ఆ మార్పు జరిగితేనే చార్జ్ ఎక్కినట్టు. వాడి వాడి తెచ్చిన సెట్‌ని పెట్టగానే పచ్చలైటు వచ్చిందంటే అది మంచి వార్త కాదు, అనుమానించాల్సిన సంగతి.

రెండు: పిన్నులు. మన ఎర్రమట్టి దుమ్ము, చెయ్యి చెమట కలిస్తే బ్యాటరీ వెనక రాగి పట్టీల మీద పొర కడుతుంది. ప్లగ్ తీసేసి, బ్యాటరీ పట్టీలను పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. క్రేడిల్ పిన్నులను స్పిరిట్ అద్దిన దూదితో తుడవండి. ఆ పిన్నుల కింద స్ప్రింగు ఉంటుంది. అగ్గిపుల్లతో నొక్కితే దిగి మళ్లీ పైకి రావాలి. ఒకటి దిగబడి అక్కడే ఉండిపోతే మీ లోపం దొరికినట్టే. ఉప్పుకాగితంతో మాత్రం గీకకండి, పైపూత పోతే ఇంకా తొందరగా తుప్పు పడుతుంది.

మూడు: అడాప్టర్, కేబుల్. యూఎస్‌బీ క్రేడిల్ అయితే 5 వోల్టుల, 1 ఆంపియర్ మామూలు పాత ఫోన్ అడాప్టర్‌తో పెట్టి చూడండి. ఇక్కడ చాలామందికి తెలియని కిటుకు ఒకటుంది. కొన్ని చవక సెట్లకు టైప్-సి సాకెట్ ఉంటుంది కానీ లోపల అడాప్టర్‌కి "నేను ఉన్నాను, కరెంటు ఇవ్వు" అని చెప్పే చిన్న రెసిస్టర్లు ఉండవు. అలాంటిదాన్ని రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్‌తో కొత్త ఫాస్ట్ చార్జర్‌కి కలిపితే అసలు చార్జే కాదు. అదే సెట్ ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్‌తో చక్కగా చార్జవుతుంది. సెట్ మార్చేముందు కేబుల్ మార్చి చూడండి.

నాలుగు: మల్టీమీటర్. అడాప్టర్ కొసన దాని మీద రాసిన వోల్టేజి వస్తుందో లేదో చూడండి. రాకపోతే అడాప్టర్ పోయింది, అంతే. క్రేడిల్ పిన్నుల దగ్గర కొలిచి మాత్రం తీర్పు చెప్పొద్దు. బ్యాటరీ తగిలితే తప్ప పిన్నులకు వోల్టేజి ఇవ్వని క్రేడిల్స్ కూడా ఉన్నాయి.

ఐదు: బ్యాటరీని కొలవండి. చార్జ్ అయ్యిందనుకున్న తర్వాత ఒక సెల్ ప్యాక్ 4.1 నుంచి 4.2 చూపించాలి, రెండు సెల్స్‌ది 8.2 నుంచి 8.4. సున్నా చూపిస్తే బ్యాటరీ చచ్చిపోయిందని వెంటనే అనుకోవద్దు. మరీ ఖాళీ అయినప్పుడు లోపలి రక్షణ సర్క్యూట్ తలుపు మూసేస్తుంది. మంచి చార్జర్‌లో కొంతసేపు పెడితే కొన్నిసార్లు అది తెరుచుకుంటుంది. తెరుచుకోకపోతే వదిలేయండి. ఇంకో బ్యాటరీ వైర్లు తగిలించి "కిక్" ఇవ్వడం వీడియోల్లో చూసి చేయకండి. సెల్ లోపల రాగి కరిగి ఉంటే అది షార్ట్ అయ్యి మండే అవకాశం ఉంది.

ఆరు: మోపు పరీక్ష. బ్యాటరీ 4.2 చూపిస్తుంది, సెట్ ఆన్ అవుతుంది, అవతలి మాట వినిపిస్తుంది. మీరు బటన్ నొక్కగానే ఆరిపోతుంది, లేదా టుక్కుమని మళ్లీ ఆన్ అవుతుంది. ఇది ముసలి బ్యాటరీ లక్షణం. ఖాళీ చేతులతో నడవగలడు, మూట ఎత్తితే కూలబడతాడు. దీనికి రిపేరు లేదు, కొత్త ప్యాక్ వేయాల్సిందే. రెండు సెట్లు ఉంటే బ్యాటరీలు అటుదిటు మార్చి చూడండి. లోపం బ్యాటరీతో పాటు వెళ్తే బ్యాటరీదే, సెట్ దగ్గరే ఉండిపోతే సెట్‌దే. మల్టీమీటర్ లేనివాళ్లకు ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

ఉబ్బిన ప్యాక్ కనిపిస్తే మాత్రం ఏ పరీక్షా వద్దు. గుచ్చొద్దు, చార్జ్ పెట్టొద్దు, చెత్తకుప్పలో వేయొద్దు. మండే వస్తువులకు దూరంగా పెట్టి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

మన ఎండ, మన కరెంటు

లిథియం బ్యాటరీని చార్జ్ చేయడానికి పైహద్దు సాధారణంగా 45 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర నీడలోనే 40 దాటుతుంది. రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఇంకెంత ఉంటుందో చెప్పక్కర్లేదు. దానికి చార్జింగ్ వేడి తోడు. కొన్ని చార్జర్లు వేడికి చార్జింగ్ ఆపేస్తాయి. ఆపనివి బ్యాటరీ ఆయుష్షు తింటాయి. కాబట్టి ఎండాకాలంలో రాత్రిపూటో తెల్లారగట్లో చార్జ్ పెట్టండి. చేను నుంచి తెచ్చిన సెట్ చెయ్యి పెడితే కాలుతుంటే, అరగంట చల్లారాకే పెట్టండి. ట్రాక్టర్ బానెట్ మీద, కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి.

వోల్టేజి సంగతి. ఇప్పటి తేలికపాటి అడాప్టర్ల మీద 100-240 వోల్టులు అని ఉంటుంది. కరెంటు 160కి పడినా అవి పనిచేస్తాయి. బరువుగా ఉండే పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్లు అలా కాదు. ఇంట్లో వోల్టేజి తగ్గితే వాటి అవుట్‌పుట్ కూడా తగ్గుతుంది, రాత్రంతా పెట్టినా బ్యాటరీ నిండదు. చవక ఇన్వర్టర్ మీద పెడితే గుయ్యిమని మోగుతూ వేడెక్కుతాయి. అలాంటిది ఉంటే అదే వోల్టేజి, అదే ఆంపియర్ ఉన్న కొత్త రకం తీసుకోండి. పిన్ను లోపల ప్లస్, బయట మైనస్ గుర్తులు రెండింటికీ సరిపోయాయో లేదో తప్పకుండా చూడండి. పొలం దగ్గర సోలార్‌తో నడిచే 12 వోల్టుల బ్యాటరీ ఉంటే కారు యూఎస్‌బీ చార్జర్‌తో క్రేడిల్ నడపొచ్చు. అది అన్నిటికంటే నిలకడైన కరెంటు.

ఇంకోటి. మన దగ్గర సెట్లు పంట కాలంలోనే బయటికొస్తాయి. శెనక్కాయ పీకడం అయ్యాక పెట్టెలో పడేసి, మళ్లీ వచ్చే ఖరీఫ్‌కి తీస్తారు. ఖాళీ బ్యాటరీతో అన్ని నెలలు పడుంటే అది మళ్లీ లేవకపోవచ్చు. దాచేముందు సగం చార్జ్‌తో, బ్యాటరీని సెట్ నుంచి విడదీసి, చల్లటి చోట పెట్టండి. మూడు నెలలకోసారి కాస్త చార్జ్ ఎక్కించండి.

చార్జ్ ఉంది, మాట పోవట్లేదు

ముందు చానల్. రెండు సెట్లలో ఒకటే అంకె ఉంటే సరిపోదు. వేర్వేరు కంపెనీల సెట్లయితే ఒకదాని 3వ చానల్, ఇంకోదాని 3వ చానల్ ఒకే ఫ్రీక్వెన్సీ కాకపోవచ్చు. మాన్యువల్‌లో పట్టిక చూడండి. పీఎంఆర్ 446లో మొదటి చానల్ 446.00625 మెగాహెర్ట్జ్, అక్కడి నుంచి 12.5 కిలోహెర్ట్జ్ చొప్పున పైకి.

రెండోది టోన్. దీన్ని సీటీసీఎస్ఎస్ అంటారు, డబ్బాల మీద "ప్రైవసీ కోడ్" అని ఉంటుంది. మాటతో పాటు 67 హెర్ట్జ్ లాంటి చిన్న హమ్మింగ్ వెళ్తుంది. అవతలి సెట్ ఆ హమ్మింగ్ వింటేనే స్పీకర్ తెరుస్తుంది. మీ సెట్‌లో టోన్ 5, అవతల టోన్ 7 ఉంటే సిగ్నల్ లైటు వెలుగుతుంది కానీ మాట రాదు. లైటు వెలిగి శబ్దం రాకపోతే మొదటి అనుమానం టోన్ మీదే. పరీక్షకు రెండు సెట్లలో టోన్ తీసేసి చూడండి. పేరు ప్రైవసీ అయినా ఇది రహస్యం కాదు. టోన్ తీసేసిన సెట్ ఎవరి దగ్గరున్నా మీ మాటంతా వింటారు. డబ్బు లెక్కలు, ఇంట్లో ఎవరూ లేరన్న సంగతి గాల్లో చెప్పకండి.

మూడోది స్క్వెల్చ్. గొరగొర వినపడకుండా ఆపే గేటు ఇది. మరీ ఎక్కువ పెడితే బలహీనమైన మాటను కూడా ఆపేస్తుంది. దూరం తగ్గిందనిపిస్తే స్క్వెల్చ్ ఒకట్రెండు మెట్లు తగ్గించండి. నాలుగోది వాక్స్, అంటే బటన్ నొక్కకుండా శబ్దానికే ప్రసారం చేసే సదుపాయం. ఆరుబయట గాలికి అదే ఆన్ అయ్యి చానల్‌ని మూసేస్తుంది, బ్యాటరీ తాగేస్తుంది. మన గాలికి అది ఆఫ్‌లోనే ఉండాలి.

యాంటెన్నా ఊడే రకం అయితే, అది లేకుండా బటన్ ఎప్పుడూ నొక్కకండి. బయటికి పోవాల్సిన శక్తి వెనక్కి తిరిగి లోపలి ట్రాన్సిస్టర్‌ని కాల్చేస్తుంది. తాడిపత్రి చుట్టుపక్కల క్వారీల్లో పనిచేసేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ఎలక్ట్రిక్ డిటొనేటర్లు అమర్చిన చోటికి దగ్గర్లో ప్రసారం చేయకూడదు. సెట్ పూర్తిగా ఆఫ్ చేయడమే పద్ధతి.

డబ్బా మీద 5 కిలోమీటర్లు, చేలో ఒకటే ఎందుకు?

ఈ తరంగాలు దాదాపు చూపులాగా నేరుగా పోతాయి. భూమి గుండ్రం కనుక ఒక హద్దు ఉంటుంది. యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే అది చేరగల హద్దు కిలోమీటర్లలో వస్తుంది. ఇద్దరూ 1.5 మీటర్ల ఎత్తులో సెట్ పట్టుకుంటే ఇద్దరి హద్దులు కలిపి సుమారు 10 కిలోమీటర్లు. ఒకరు 100 మీటర్ల గుట్ట ఎక్కితే 46 కిలోమీటర్లు. డబ్బాల మీద పెద్ద అంకెలు ఇలాంటి చోట్ల నుంచే వస్తాయి.

చేలో అంత రాకపోవడానికి కారణం ఉంది. తరంగం దారంలా సన్నగా పోదు, మధ్యలో ఉబ్బిన కుండలా పోతుంది. 446 మెగాహెర్ట్జ్ దగ్గర ఇద్దరి మధ్య 2 కిలోమీటర్లు ఉంటే, ఆ కుండ మధ్యలో చుట్టూ 18 మీటర్ల దాకా ఖాళీ కావాలి. మనం పట్టుకున్నది 1.5 మీటర్ల ఎత్తులో. అంటే కుండ అడుగు సగం నేలలో కూరుకుపోయినట్టే. ఇక మధ్యలో గుట్ట ఉంటే ఎంత పవర్ అయినా దండగే.

అందుకే పవర్ కోసం లైసెన్స్ లేని పెద్ద సెట్ కొనొద్దని చెప్పేది. చదునైన నేల మీద, నేలకు దగ్గరగా మాట్లాడితే, పవర్ పది రెట్లు పెంచినా దూరం రెట్టింపు కూడా కాదు, సుమారు 1.8 రెట్లు అవుతుంది. అదే ఇద్దరూ సెట్‌ని రెట్టింపు ఎత్తులో పట్టుకుంటే దూరం రెట్టింపు అవుతుంది. ట్రాక్టర్ ట్రాలీ ఎక్కండి, గట్టెక్కండి, మిద్దె ఎక్కండి. ఖర్చు లేదు, చట్టం అడ్డు లేదు. సెట్‌ని నడుం దగ్గర కాకుండా ముఖం ఎత్తులో, యాంటెన్నా నిలువుగా ఉండేలా పట్టుకోండి. మీ ఒళ్లే అడ్డం పడుతుంది కనుక అవతలి మనిషి వైపు తిరిగి మాట్లాడండి. మాట తెగుతుంటే ఒకట్రెండు అడుగులు పక్కకి జరగండి. తరంగం పొడవు 67 సెంటీమీటర్లే, అడుగు దూరంలోనే బలం మారిపోవచ్చు.

మాట్లాడే పద్ధతి: తెలుగుకి ప్రత్యేకంగా

వాకీటాకీ పాఠాలు చాలావరకు ఇంగ్లీషు వాక్యాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఇంగ్లీషులో "వద్దు" అనే మాట ముందే వచ్చేస్తుంది. మన వాక్యంలో అసలు సంగతి చివర్లో ఉంటుంది. "మోటారు వెయ్యొద్దు" అనే మాట తీసుకోండి. ప్రాణం కాపాడే "వద్దు" అన్నిటికంటే చివర. మాట పూర్తవకముందే వేలు తీస్తే, లేదా చివర్లో గొరగొర వస్తే అవతల వినిపించేది "మోటారు వెయ్యి". పైపు దగ్గర చేతులు పెట్టి ఉన్నది ఎవరో గుర్తు తెచ్చుకోండి.

మాట మొదలు కూడా తెగుతుంది. బ్యాటరీ ఆదా కోసం అవతలి సెట్ నిద్రలో ఉంటుంది, టోన్ గుర్తుపట్టడానికి క్షణం పడుతుంది. అందుకే ఈ అలవాట్లు ఇంట్లో పిల్లల దగ్గర నుంచి అందరికీ నేర్పండి.

- బటన్ నొక్కి, ఒక క్షణం ఆగి, అప్పుడు మాట్లాడండి. మాట అయ్యాక ఇంకో క్షణం ఆగి వేలు తీయండి.
- ఆపడానికి "వెయ్యొద్దు" అనే మాట వాడకండి. "ఆపు, ఆపు, ఆపు" అనండి. ఎక్కడ తెగినా ఇంకో "ఆపు" మిగులుతుంది. "ఆన్", "ఆఫ్" కూడా వద్దు, గొరగొరలో రెండూ ఒకేలా ఉంటాయి.
- విన్న మనిషి ఆ మాటని తిరిగి చెప్పాలి. "మోటారు వేస్తున్నా మామా, వెయ్యనా?" అంటే అవతల "వెయ్యి, చేతులు బయటే ఉన్నాయి" అని వచ్చాకే స్టార్టర్ ముట్టుకోవాలి.
- జవాబు రాకపోతే అది "సరే" కాదు. జవాబు లేకపోతే మోటారు వేయకూడదు.
- అంకెలు రెండుసార్లు చెప్పండి. "మూడు", "ఏడు" దూరం నుంచి ఒకేలా వినిపిస్తాయి.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటి. మోటారు దగ్గరో, వైర్ల దగ్గరో చెయ్యి పెట్టే పని ఉంటే రేడియో మాట మీద ప్రాణం పెట్టొద్దు. మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజు క్యారియర్లు పీకి జేబులో వేసుకుని వెళ్లండి. చాలా బోర్లకు ఆటో స్టార్టర్లు ఉన్నాయి. కరెంటు రాగానే ఎవరినీ అడగకుండా మోటారు లేస్తుంది. దానికి మీ వాకీటాకీ వినపడదు.

కొత్తది కొనాలా, ఉన్నదే బాగు చేసుకోవాలా?

పిన్నులు, కేబుల్, అడాప్టర్ లోపమైతే కొత్త సెట్ అవసరమే లేదు. బటన్ నొక్కితే ఆరిపోతుంటే బ్యాటరీ మాత్రం మార్చండి, అదే వోల్టేజి, అదే మోడల్‌ది. బ్యాటరీలు అటుదిటు మార్చినా ఒకే సెట్ నుంచి మాట బయటికి రాకపోతే, వినడం మాత్రం బాగుంటే, మైకు రంధ్రంలో మట్టి చూడండి. ముల్లు పెట్టి పొడవకండి, మెత్తటి బ్రష్‌తో దులపండి. అప్పటికీ రాకపోతే అప్పుడు రిపేరు షాపు.

కొత్తగా కొనేవాళ్లకు నా సలహా: లైసెన్స్ అక్కర్లేని 446 సెట్, విడిగా బ్యాటరీ దొరికే మోడల్, ఖాళీగా ఉన్నప్పుడు వేరే లైటు చూపించే క్రేడిల్. మెమరీ చానళ్లు 128 ఉన్నాయా, టార్చి ఉందా, ఎఫ్‌ఎం ఉందా అన్నవి తర్వాత. రోజూ పొద్దున పనికి బయల్దేరేముందు ఇద్దరూ పది అడుగుల దూరంలో నిలబడి, ఒకసారి బటన్ నొక్కి మాట్లాడి, తిరిగి చెప్పించుకోండి. లైటు ఏ రంగులో ఉందో చూడటం కంటే ఆ ఒక్క మాట వినడమే అసలైన పరీక్ష.